‘అన్నీ ఇష్టమే’ అంటే ఏం రాసుకోవాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు ఇరవై ఎనిమిది. బడి చదువంతా ఒడియా మీడియంలోనే సాగింది. తెలుగు చదవడం మా మామ్మ దగ్గర నేర్చుకున్నాను, ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాను. మా ఊళ్ళోనూ బరంపురం, రాయగడల్లోనూ తెలుగు పుస్తకాలంటే ప్రాణం పెట్టే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. కొందరు రచయితలూ ఉన్నారు. వాళ్ళకి నచ్చిన పుస్తకాల గురించి మాట్లాడించి, ఫోన్లో రికార్డు చేసి, రాసి పెట్టాలని మొదలుపెట్టాను. "మీకు బాగా ఇష్టమైన పుస్తకం ఏదండీ?" అంటే "ఒకటని ఏం చెప్తానమ్మా, అన్నీ ఇష్టమే" అంటారు. ఆ తర్వాత ఈ కాలం పిల్లలు చదవడం లేదని అరగంట. ఒక రచయితగారైతే "నా పుస్తకాలు ఏం చదివావు?" అని ఎదురు ప్రశ్న వేశారు. నేను చదివింది ఒక్కటే. అప్పట్నుంచి ఎవరింటికి వెళ్ళాలన్నా టెన్షన్. ఒక తాతగారు చెప్పిన కథ, పుస్తకం తీసి చూస్తే వేరేగా ఉంది. దిద్దాలా? వీళ్ళ మాటల్లో ఒడియా చాలా కలుస్తుంది, అలాగే రాస్తే బయటివాళ్ళు నవ్వుతారని మా అన్నయ్య అంటాడు. పెద్దగా చదువుకోని నేను ఈ పని చెయ్యొచ్చా?

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. చెయ్యొచ్చు. అన్నీ చదివేసినవాళ్ళకంటే మీరే బాగా చెయ్యగలరు కూడా. ఇద్దరు పండితులు కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో సభల్లో చూస్తూనే ఉంటాం. ఒకరు ఒక పేరంటారు, రెండోవారు "అవునవును, అందులో ఆ ఘట్టం!" అంటారు. ఆ ఘట్టమేమిటో వింటున్నవాళ్ళకి మాత్రం చెప్పరు. వాళ్ళిద్దరికీ తెలుసు కదా, ఇంక చెప్పేదేముంది? మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పి తీరాలి. "నువ్వు చదవలేదు గదా, అయితే విను" అంటూ ఓ పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకున్నారంటే మీ పని సగం అయిపోయినట్టే.

ఇక అడగడం సంగతి. "మీకు ఇష్టమైన పుస్తకం ఏది?" అన్నది పెళ్ళిచూపుల్లో "పాటలేమైనా వచ్చా అమ్మా?" అని అడిగినట్టుంటుంది. ఎదుటివాళ్ళు బిగుసుకుపోతారు. నిజంగా ఏది ఇష్టమో ఆలోచించరు, ఏ పేరు చెప్తే మర్యాదగా ఉంటుందో ఆలోచిస్తారు. ఓ కావ్యం పేరో, నలుగురూ గొప్పదన్న నవల పేరో చెప్పి ఊరుకుంటారు. అదీ కుదరకపోతే "అన్నీ" అని తప్పించుకుంటారు. దిండు కింద దాచుకుని చదివిన డిటెక్టివ్ నవల పేరు మాత్రం బయటికి రాదు. అది రావాలంటే ముందు మీరే చనువిచ్చి మాట్లాడాలి. గత శతాబ్దం మొదట్లోనే తెలుగులో అపరాధ పరిశోధన నవలలు అచ్చేసిన వేగుచుక్క గ్రంథమాల బరంపురానిదే. ఆ మాట కదిపి చూడండి. మీ వైపువాళ్ళు డిటెక్టివ్‌లు చదివామని చెప్పుకోవడానికి మొహమాటపడక్కర్లేదు.

పుస్తకం ఎలా ఉందని అడక్కండి. వాళ్ళ దగ్గరున్న ప్రతి, అంటే ఆ కాపీ, గురించి అడగండి. అది చేతికెలా వచ్చింది, డబ్బులు ఎవరిచ్చారు, ఎక్కడ కూర్చుని చదివారు, ఇప్పుడు ఎవరి దగ్గరుంది. అభిప్రాయాలు అందరివీ ఒకేలా ఉంటాయి. శైలి అద్భుతం, పాత్రలు సజీవం, అంతే. పది మందివి రాస్తే పదో మనిషి దగ్గరికి మీకే నిద్రొస్తుంది. చేతిలో ఉన్న ప్రతి మాత్రం ఎవరిది వాళ్ళదే.

ఇంట్లో ఉంటే దాన్ని బయటికి తీయించండి. మీ వైపు పాత ఇళ్ళల్లో సీరియల్ బైండులు ఇంకా ఉండి ఉంటాయి. ఆంధ్రప్రభలోనో ఆంధ్రపత్రికలోనో వారంవారం వచ్చిన నవలని పేజీలు జాగ్రత్తగా చింపి దాచి, ముగింపు వచ్చాక దబ్బనంతో కుట్టి, పాత కేలండరు అట్ట వేసి పెట్టుకున్నవి. అలాంటిది చేతికిస్తే పేరు చూసి మూసెయ్యకండి. తాపీగా తిరగెయ్యండి. కథ పేజీ వెనక తలనొప్పి మాత్ర ప్రకటన ఉంటుంది. ఓ జోకు సగంలో తెగిపోయి ఉంటుంది. పిన్ను ఉన్నచోట తుప్పు పట్టి, ఆ మరక పక్క పేజీకి కూడా దిగి ఉంటుంది. ఎక్కడో ఒక వారం ఉండదు. అక్కడ వేలు పెట్టి "ఈ వారం ఏమైందండీ?" అని అడగండి. పత్రిక రాలేదా, వచ్చింది ఎవరైనా పట్టుకుపోయారా, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? మరి ఆ వారం కథ ఎవరు చెప్పారు, చెప్పింది సరిగ్గా చెప్పారా? ఇంక మీరు నోరు మెదపక్కర్లేదు, ఓ పావుగంట వాళ్ళే చెప్పుకుపోతారు.

ఎమెస్కో ప్రచురణవాళ్ళు పోస్టులో పుస్తకాలు పంపిన ఇంటింటి గ్రంథాలయం పథకంలో చేరినవాళ్ళు దొరికితే పోస్టులో పుస్తకాల కట్ట వచ్చిన రోజు గురించి అడగండి. ఎవరు ముందు విప్పేవారు, ఎవరు ముందు చదివేవారు. ఉమ్మడి కుటుంబాల్లో దీని మీద తగువులు తక్కువేం జరగలేదు.

చందమామ గురించి మీరు తప్పకుండా అడగాలి. అది 1947లో మొదలైంది. అదే పత్రిక ఒడియాలో జహ్నమాము పేరుతో వచ్చేది. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు ఉన్న పిల్లలు బేతాళ కథని ఏ లిపిలో చదివారు? ఒకే ఇంట్లో అక్క తెలుగులో, తమ్ముడు ఒడియాలో చదివిన సందర్భాలున్నాయా? గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న తట్టను కూడా తట్టదు. ఒడియా మీడియంలో చదివానని మీరు ఉత్తరంలో ఏదో లోటులా రాశారు గానీ, ఈ పనికి అదే మీ పెట్టుబడి.

ఆ మాటకొస్తే మొట్టమొదట మీ మామ్మగారితో మొదలుపెట్టారా? చదవడం నేర్పారని రాశారు గానీ, ఆవిడ ఏం చదివేవారో రాయలేదు. ఇంట్లోవాళ్ళని మనం వదిలేస్తాం. ఆడవాళ్ళని మరీను. భర్త పక్కన ఉండగా అడిగితే "నాకేం తెలుసు, ఆయన్నే అడుగు" అని లోపలికి వెళ్ళిపోయే ఆవిడ, ఆయన బజారుకెళ్ళాక ఎన్ని నవలల పేర్లు చెప్తారో చూడండి. వాళ్ళని ఏం చదివారని కాకుండా ఎప్పుడు చదివారని అడగండి. భోజనాలయ్యాక అంట్లు తోమే మనిషి వచ్చేలోపు ఉన్న గంటా? పిల్లలు పడుకున్నాకా? పొయ్యి మీద పాలు పెట్టి చదువుతూ పొంగించేసినందుకు అత్తగారితో తిట్లు తిన్నారా? నవలకి కేలండరు కాయితం అట్ట వేసి వ్రతకథల పుస్తకంలా కనిపించేట్టు చేసినవాళ్ళు నాకు తెలుసు. ఆ అట్టల కబుర్లు మగవాళ్ళ నోట రావు.

ఈ కాలం పిల్లల గోల వచ్చినప్పుడు వాదించకండి, ఔనండీ కాదండీ అనకండి. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా "మీరు నవలలు చదువుతుంటే మీ నాన్నగారు ఏమనేవారండీ?" అనండి. అప్పట్లో నవలలు చదివితే పిల్లలు చెడిపోతారనే ఇళ్ళు కొల్లలు. పెద్దాయన ఒక్క క్షణం ఆగి, నవ్వేసి, అసలు కథలోకి వస్తారు. రాకపోతే టీ తాగి వచ్చెయ్యండి. అందరి దగ్గరా అన్నీ ఉండవు.

ఇంకా కొన్ని ప్రశ్నలు మనసులో పెట్టుకోండి, కాయితం మీద మాత్రం రాసుకుని వెళ్ళకండి. కాయితం చూస్తే వాళ్ళకి మళ్ళీ పరీక్ష గుర్తొస్తుంది. అరువిచ్చి తిరిగి రాని పుస్తకం ఏది అని అడగండి. ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. ఇష్టమైనది ఏదంటే చెప్పలేనివాళ్ళు, పట్టుకుపోయినవాళ్ళ ఇంటిపేరుతో సహా పోయిన పుస్తకం సంగతి చెప్తారు. ఆ పేర్లు మీరు రాయకండి, గొడవలవుతాయి. సగంలో వదిలేసింది ఏది, పెళ్ళయ్యాక మళ్ళీ చదివితే నచ్చనిది ఏది అని కూడా అడగొచ్చు. ఎవరికీ చెప్పకపోయినా ఒకప్పుడు తెగ నచ్చిన పుస్తకం మీద తర్వాత చాలామందికి కోపం వస్తుంది. ఆ కోపం ఎందుకో చెప్పించగలిగితే అభిమానం కంటే ఎక్కువ విషయం ఉంటుంది అందులో.

రచయితల దగ్గరికి వద్దాం. "నా పుస్తకాలు ఏం చదివావు?" అని ఆయన అడగడంలో తప్పు లేదు. ఇంటికొచ్చినవాళ్ళని అడగాల్సిన మాటే. దానికి టెన్షన్ ఎందుకు? "ఒక్కటే చదివానండి. అందులో ఫలానా మనిషి అలా ఎందుకు వెళ్ళిపోయిందో నాకు అర్థం కాలేదు" అనండి. పది పుస్తకాల పేర్లు వరసగా చెప్పేవాళ్ళని ఆయన చాలామందిని చూసుంటారు. ఒక్కటి చదివి ఒక్కచోట ఆగిపోయిన మనిషి ఆయనకి ఎక్కువ నచ్చుతుంది. నచ్చకపోతే ఆయన మంచి రచయితే కావచ్చు గానీ మీ పనికి పనికిరారు.

నన్నడిగితే రచయితల్ని వాళ్ళ పుస్తకాల గురించి అసలు అడగొద్దనే అంటాను. ఆ జవాబులు సన్మాన సభల్లో చెప్పి చెప్పి అరిగిపోయి ఉంటాయి. ఇంకొకరు రాసినదాని గురించి అడగండి. "ఇది నేను రాసుంటే ఎంత బాగుణ్ణో అనిపించింది ఏదండీ?" అంటే ఆయన వెంటనే చెప్పరు. కిటికీ వైపో గోడ వైపో చూస్తారు. ఆ మౌనాన్ని మీరు ఇంకో ప్రశ్నతో పాడుచెయ్యకండి. అక్కణ్ణుంచి మాట్లాడేది రచయిత కాదు, పాఠకుడు. మీకు కావలసింది ఆయనే.

రాయగడ, జయపురం వైపు వెళ్ళినప్పుడు ఒడియా నవలా రచయిత గోపీనాథ మహంతి సంగతి ఎత్తండి. కోరాపుట్ కొండల్లో కోంధు గిరిజనుల బతుకు మీద ఆయన రాసిన నవలకి 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. పురిపండా అప్పలస్వామిగారు దాన్ని 'అమృత సంతానం'గా తెలుగులోకి తెచ్చారు. రాయగడ 1992 దాకా కోరాపుట్ జిల్లాలోదే. అంటే ఆ నవల్లోని కొండలు మీరు మాట్లాడించే మనుషుల పెరటి వెనకవి. ఒడియాలో చదివారా, తెలుగులోనా, రెండింట్లోనా? రెండూ చదివినవాళ్ళు దొరికితే వదలకండి. ఏ భాషలో ఆ కొండలు తనకి దగ్గరగా అనిపించాయో చెప్పగలవాళ్ళు ఎంతోమంది ఉండరు. అన్నట్టు, మీరు మూలంలోనే చదవగలరు. చదివి వెళ్ళండి.

తాతగారు కథ తప్పు చెప్పారన్నారు. మాట్లాడుతుండగా దిద్దకండి. నలభై ఏళ్ళ కిందట చదివినది మనసులో తన దారిన తను పెరుగుతుంది. నవల్లో చచ్చిపోయిన పిల్ల ఆయన జ్ఞాపకంలో బతికి ఉందంటే, ఆయన చావనివ్వలేదన్నమాట. రెండోసారి వెళ్ళేటప్పుడు పుస్తకం పట్టుకెళ్ళండి. "ఇందులో ఇలా ఉంది తాతగారూ" అని ఆ పేజీ తీసి ఆయన చేతిలో పెట్టండి, లేదా చదివి వినిపించండి. మీరు నెమ్మదిగా చదువుతారు కాబట్టి ఇంకా మంచిది. ఆయన చెప్పిందీ రాయండి, పేజీ చూశాక అన్నదీ రాయండి. పుస్తకంలో ఏముందో ఒక్క ముక్కలో కలపండి. చదివేవాళ్ళకి అన్నీ తెలుస్తాయి, ఆయన పరువూ పోదు.

కొందరికి కథ గుర్తుంటుంది, పేరు గుర్తుండదు. రాసినవాళ్ళ పేరు అసలే గుర్తుండదు. అలాంటివి మూడు నాలుగు పోగయ్యాక శ్రీకాకుళం కథానిలయానికి వెళ్ళి రండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన గ్రంథాలయం అది, తెలుగు కథల కోసమే పెట్టింది. పాతపట్నం మీదుగా వెళ్తే పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు. ఏ పత్రికలో, సుమారు ఏ సంవత్సరాల్లో చదివారో తాతగార్ని ముందే అడిగి ఉంచుకోండి. ఆపాటి ఆధారమైనా లేకపోతే వెతకడం కష్టం.

మీ అన్నయ్య మాట మాత్రం నేను ఒప్పుకోను. మీరుంటున్నది ఏ ఊళ్ళోనో ఒకసారి గుర్తుచెయ్యండి. 1880లో బడిపంతులుగా పర్లాకిమిడి వచ్చిన గిడుగు రామమూర్తి, అంతవరకూ ఎవరూ పుస్తకాలకెక్కించని సవర గిరిజనుల మాటని వాళ్ళ దగ్గరే కూర్చుని నేర్చుకుని, అక్షరాల్లో పెట్టారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మనుషులు మాట్లాడే తెలుగే రాయాలని పండితులతో ఏళ్ళ తరబడి పోట్లాడిందీ ఆయనే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు బాధతో వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన అన్నేళ్ళు తిరిగిన వీధుల్లో ఉండి, పెద్దవాళ్ళ మాట రాయడానికి జంకితే ఎలా అమ్మా?

అంటే ప్రతి దగ్గూ ప్రతి "అంటే మరి"నీ రాయమని కాదు. అలా రాస్తే ఎంత చక్కగా మాట్లాడినవాళ్ళయినా తడబడుతున్నట్టు కనిపిస్తారు. వాక్యం తెగిపోయినచోట కలపొచ్చు, ఒకే మాట నాలుగుసార్లు వస్తే రెండుసార్లు తియ్యొచ్చు. మాట మాత్రం మార్చకండి. "ఆగ్యా" అన్నవాళ్ళ చేత "అలాగేనండి" అనిపించకండి. బయటివాళ్ళకి అర్థం కాదనిపించే ఒడియా మాట వస్తే అప్పుడే "అంటే ఏమిటి?" అని అడిగెయ్యండి. వాళ్ళు చెప్పే అర్థం కూడా వాళ్ళ నోటితోనే వచ్చేస్తుంది, మీరు కింద వేరే వివరణ రాయక్కర్లేదు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. రిటైరైన లెక్చరరుగారి మాటని శుభ్రం చేసి, అద్దె పుస్తకాలు చదివిన కూరలమ్మే ఆవిడ మాటని మాత్రం "ఎల్లినాను, సూసినాను" అని ఉన్నదున్నట్టు దింపితే అది అన్యాయం. లెక్చరరుగారు కూడా ఇంట్లో "ఎల్లిపోనాడు" అనే అంటారు, మీరు విన్నారు కూడా. ఇద్దరికీ ఒకటే పద్ధతి పెట్టుకోండి. మొదటి సంభాషణకే ఆ పద్ధతేమిటో తేల్చుకుంటే తర్వాత పేచీ ఉండదు.

రికార్డింగ్ గురించి రెండు ముక్కలు. ఫోన్‌ని చెక్క టీపాయ్ మీద ఉత్తినే పెట్టకండి, టీ గ్లాసు పెట్టినప్పుడల్లా బాంబు పేలినట్టు వినిపిస్తుంది. తువ్వాలు మడిచి దాని మీద పెట్టండి. ఫేను ఆపమంటే మే నెలలో ఎవరూ ఆపరు. గాలి తగలని వైపు కూర్చుని ఫోన్ దగ్గరగా పెట్టుకోవడమే మార్గం. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పండి, ఎందుకో చెప్పండి, ఎవరికి చూపిస్తారో చెప్పండి. పుస్తకం మొదటి పేజీ ఫొటో తీసుకోండి. అక్కడ కొన్నవాళ్ళ సంతకం, తేదీ, లైబ్రరీ ముద్రో షాపు ముద్రో ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని బట్టి సంవత్సరాలు సరిచూసుకోవచ్చు, మనుషుల నోట సంవత్సరాలు ఎప్పుడూ అటూ ఇటూ అవుతాయి. ఇంటికి రాగానే ఆ రాత్రే ఒకసారి వినండి. వారం ఆగితే ఎక్కడ నవ్వారో, ఎక్కడ చేత్తో చూపించి "ఇంత లావు పుస్తకం" అన్నారో మీకే గుర్తుండదు.

రాశాక వాళ్ళకి చూపించాలి, అందులో రెండో మాట లేదు. పెద్దవాళ్ళకి చదివి వినిపిస్తే చాలు, "ఇది తీసెయ్యమ్మా" అన్నది తీసెయ్యండి. రచయితలతోనే కొంచెం చిక్కు. తప్పుగా విన్నవి దిద్దితే సంతోషం. కొందరు మాత్రం ఆ కాయితాలు ఉంచుకుని, వారం తర్వాత చక్కటి గ్రాంథిక ఛాయల్లో ఓ వ్యాసం చేసి చేతిలో పెడతారు. ఆ రోజు గోడకేసి చూసి మెల్లగా అన్న మాట అందులో ఉండదు. "వ్యాసం చాలా బాగుందండీ, దీన్ని విడిగా పత్రికకి పంపండి. నాకు ఆ రోజు మీరన్న మాటే కావాలి" అని మర్యాదగానే చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ ఒక్కటీ పక్కన పెట్టేసి, బరంపురంలో ఇంకొకరి తలుపు తట్టండి.